దాచుకున్న బతుకుకు రుజువులు: కెనడా భాగస్వామి స్పాన్సర్‌షిప్‌పై నా సమీక్ష

కెనడా ఫ్యామిలీ క్లాస్ (అక్కడున్నవారు తమ కుటుంబ సభ్యులను రప్పించుకునే ఇమిగ్రేషన్ వర్గం) కింద నా భాగస్వామిని స్పాన్సర్ చేసి, ఆమె పర్మనెంట్ రెసిడెంట్ (శాశ్వత నివాసి) అయ్యి, ఆమె పోషణకు నేను రాసిచ్చిన హామీ గడువు కూడా ముగిసిన తరవాత ఈ సమీక్ష రాస్తున్నాను. మేమిద్దరం ఆడవాళ్ళం. నేను కెనడా పౌరురాలిని, ఆమె భారత పౌరురాలు. దరఖాస్తు పెట్టిన కొత్తలో రాసి ఉంటే ఫారాల గురించీ ఫీజుల గురించీ మాత్రమే రాసేదాన్ని. ఇప్పుడు చెప్పదలచుకున్నది వేరు. ఈ పద్ధతిలో చట్టం స్వలింగ జంటలను ఎక్కడా తక్కువ చేయదు. కానీ అది అడిగే రుజువులు మాత్రం బాహాటంగా బతికిన జంటల దగ్గర దొరికేవి, మనలో చాలామంది సరిగ్గా అవే కాగితాలు ఎవరి కంటా పడకుండా ఏళ్ళ తరబడి జాగ్రత్తపడి ఉంటారు. ఆ లోటును నిజాయితీగా ఎలా పూడ్చుకోవాలన్నదే దరఖాస్తులో అసలు పని, మిగతాదంతా ఓపికతో అయ్యేదే.

చట్టం విషయంలో నిశ్చింతగా ఉండవచ్చని ఎందుకంటున్నానో ముందు చెబుతాను. స్వలింగ జంటలను కామన్-లా జంటల (పెళ్ళి లేకుండా కాపురం చేసేవారి) లెక్కలోంచి మినహాయించడం చెల్లదని కెనడా సుప్రీంకోర్టు 1999లో, పేర్లు బయటపెట్టకుండా ఎం వర్సెస్ హెచ్ అని పిలిచే కేసులో తీర్పు ఇచ్చింది. 2002 జూన్ 28న అమల్లోకి వచ్చిన ఇమిగ్రేషన్ చట్టం, దాని నిబంధనలు స్వలింగ భాగస్వాములను కుటుంబ సభ్యులుగా నేరుగా గుర్తించాయి. అంతకుముందు ఇలాంటి జంటలు మానవతా కారణాలు చూపి, అధికారి విచక్షణపై ఆధారపడి వచ్చేవారు. 2005 జూలై 20 నుంచి దేశమంతటా స్వలింగ వివాహం చట్టబద్ధమైంది. ఇవన్నీ పాత సంగతులే అయినా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే దరఖాస్తులో మనం దయ కోరుతున్నట్టు రాయాల్సిన అవసరం లేదు. భార్యాభర్తలు నింపే ఫారాలే మనమూ నింపుతాం, వాళ్ళకు వర్తించే పరీక్షే మనకూ వర్తిస్తుంది.

ఈ స్పాన్సర్‌షిప్‌లో మూడు మార్గాలున్నాయి. మొదటిది చట్టబద్ధంగా పెళ్ళయిన దంపతులది. విదేశంలో జరిగిన పెళ్ళి, జరిగిన చోటి చట్టం ప్రకారమూ కెనడా చట్టం ప్రకారమూ చెల్లాలి కాబట్టి, భారతదేశంలో గుడిలోనో ఇంట్లోనో దండలు మార్చుకున్న జంటకు ఈ మార్గం తెరుచుకోదు. 2023 అక్టోబరు 17న భారత సుప్రీంకోర్టు స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి నిరాకరించాక ఈ పరిస్థితి ఇంకా గట్టిపడింది. ఇక్కడ చాలామందికి తెలియని మరో నిబంధన ఉంది. వీడియో కాల్‌లోనో, ఒకరికి బదులు మరొకరు నిలబడో చేసుకున్న పెళ్ళిని 2015 జూన్ నుంచి కెనడా ఇమిగ్రేషన్‌లో లెక్కలోకి తీసుకోవడం లేదు. సాయుధ దళాల వారికి ఉన్న చిన్న మినహాయింపు తప్ప, పెళ్ళి జరిగే చోట ఇద్దరూ స్వయంగా ఉండి తీరాలి. ఆన్‌లైన్‌లో పెళ్ళి చేసి సర్టిఫికెట్ పంపే వెసులుబాటు కొన్ని చోట్ల ఉందని విని మురిసిపోయే జంటలను నేను చూశాను. దయచేసి దాన్ని నమ్ముకుని దరఖాస్తు పెట్టకండి.

రెండోది కామన్-లా మార్గం, మేము వచ్చింది దీనిలోనే. కనీసం ఒక ఏడాది ఎడతెగకుండా ఒకే ఇంట్లో జంటగా కాపురం ఉండాలి, ఉద్యోగం కోసమో కుటుంబ అవసరాల కోసమో కొద్ది రోజులు దూరంగా ఉన్నా ఇబ్బంది లేదు. మూడోది కాంజుగల్ మార్గం. ఏడాదికి పైగా నిబద్ధతతో కూడిన బంధం ఉండి కూడా, తమ చేతిలో లేని బలమైన అడ్డంకుల వల్ల పెళ్ళి చేసుకోలేక, కలిసి ఉండలేకపోయిన వారికి, భాగస్వామి కెనడా బయట ఉన్నప్పుడు మాత్రమే ఇది వర్తిస్తుంది. స్వలింగ జంటలంటే ఇదే మార్గమన్న అపోహ బలంగా ఉంది. నేను మొదట సంప్రదించిన ఒక కన్సల్టెంటు మా మాట పూర్తిగా వినకుండానే, ‘ఇద్దరూ ఆడవాళ్ళే కదండీ, కాంజుగల్‌లో పెట్టేద్దాం’ అన్నారు. అది మంచి సలహా కాదు. అక్కడ బంధాన్ని నిరూపించడంతో సరిపోదు, కలిసి ఉండటం ఎందుకు కుదరలేదో, మరో చోటైనా ఎందుకు వీలుపడలేదో కూడా నిరూపించాలి. ఏడాది కాపురం చూపగలిగిన జంట ఆ బరువు నెత్తికెత్తుకోనక్కర్లేదు. కన్సల్టెంటు సాయం తీసుకోదలచినవారు, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్సులిచ్చే కాలేజీ జాబితాలో వారి పేరు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఇక రుజువుల సంగతి. పౌరసత్వం వచ్చాక ఉద్యోగరీత్యా నేను హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో మేమిద్దరం ఒకే ఫ్లాటులో కాపురం ఉన్నాం. అద్దె ఒప్పందం మీద నా పేరొక్కటే ఉంది. ఇంటి యజమానురాలికి నా భాగస్వామి మా పిన్ని కూతురని చెప్పాం. అపార్ట్‌మెంట్ సంఘానికి ఇచ్చిన అద్దెదారుల పత్రంలో ‘బంధుత్వం’ అన్న గడిలో ‘కజిన్’ అని నా చేతిరాతతోనే రాసి ఉంది. మా ఇద్దరి పేర్లూ ఒకే చిరునామాతో కలిసి కనిపించే కాగితం అదొక్కటే, అందులోనే మా బంధం గురించి అబద్ధం ఉంది. దాన్ని దాచేద్దామా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. మేము దాన్ని దరఖాస్తుకు జతచేసి, ఆ గడిని గుర్తుపెట్టి, ఇద్దరు ఆడవాళ్ళు జంటగా ఇల్లు అడిగితే ఏమవుతుందో, ఆ మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో విడిగా ఒక లేఖలో తేదీలతో సహా వివరించాం. ఆ లేఖే మా దరఖాస్తుకు ప్రాణం పోసిందని నా నమ్మకం. వైరుధ్యం అధికారికి తనంతట తాను దొరికితే అనుమానమవుతుంది, మనమే ఎత్తి చూపి కారణం చెబితే అది మన బతుకు తీరుకు సాక్ష్యమవుతుంది.

ఉమ్మడి కాగితాలు లేనప్పుడు పనికొచ్చేది విడివిడి కాగితాల వరుస. ఇంటర్నెట్ బిల్లు ఆమె పేరు మీద, గ్యాస్ నా పేరు మీద ఉండేవి. ఆమె ఆధార్‌లో చిరునామా మార్చుకుంది, నా బ్యాంకు స్టేట్‌మెంట్లు అదే ఇంటికి వచ్చేవి. కలిసి ఉన్న ప్రతి నెలకూ ఇద్దరి పేర్ల మీదా చెరొక కాగితం, రెంటి మీదా అదే చిరునామా ఉండేలా నెలలవారీగా పేర్చి, మొదటి పేజీలో ఒక పట్టిక పెట్టాం. చదివే మనిషికి వెతుక్కునే శ్రమ లేకుండా చేయడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఎన్నో దరఖాస్తులు ఇంటర్వ్యూ లేకుండా కాగితాల మీదే తేలిపోతాయి.

బంధం వివరాలు అడిగే ఐఎంఎం 5532 ఫారంలో, మీ సంగతి కుటుంబానికీ స్నేహితులకూ తెలుసా, తెలియకపోతే ఎందుకు తెలియదు అన్న ప్రశ్న దగ్గర మన జంటలు చాలాసేపు ఆగిపోతాయి. తెలియదని రాస్తే తిరస్కరిస్తారేమోనన్న భయంతో లేనిపోని ఆమోదాలు అల్లేవారున్నారు. అలా చేయకూడదు, అబద్ధమని తేలితే ఐదేళ్ళ నిషేధం పడవచ్చు. మా విషయంలో రెండు కుటుంబాల్లోనూ తెలిసింది ఆమె తమ్ముడికి ఒక్కడికే, అదే రాశాం. ఆ అబ్బాయి ఇచ్చిన లేఖ ఒక పేజీ కూడా లేదు. పండగకో పరీక్షకో వచ్చినప్పుడల్లా తాను హాల్లో పరుపు వేసుకుని పడుకునేవాడినని, ఆ ఇంట్లో పడకగది ఒక్కటేనని, అక్కలిద్దరిలో ఎవరికి జ్వరం వచ్చినా రెండో అక్క సెలవు పెట్టేదని రాశాడు. ‘వీరిది గాఢమైన ప్రేమ’ అంటూ స్నేహితులు రాసే పొగడ్తల కంటే ఇలాంటి లేఖ ఎన్నో రెట్లు మేలు. లేఖలు అడిగేటప్పుడు కళ్ళారా చూసినదే రాయమని చెప్పండి.

చాట్‌ల విషయంలో తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో లేని ప్రతి కాగితానికీ అనువాదం జతచేయాలి, ఆ అనువాదం దరఖాస్తుదారులు గానీ వారి కుటుంబ సభ్యులు గానీ చేయకూడదు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగుకూ ఇదే వర్తిస్తుంది. వేల పేజీల సంభాషణ అనువదించడం ఖర్చుతో కూడిన పని, పైగా ఎవరూ చదవరు. కాలమంతా కనిపించేలా అక్కడక్కడా కొన్ని పేజీలు ఎంచుకుంటే చాలు. ప్రేమ మాటల కంటే అద్దె ఎవరు కట్టారు, మందులు తెచ్చావా, ప్లంబర్ వచ్చాడా వంటి ఇంటి మాటలే కాపురాన్ని బాగా చూపుతాయి. ఫోటోలూ అంతే. బహిరంగంగా పక్కపక్కన నిలబడి తీసుకున్నవి తక్కువైతే తక్కువే పెట్టి, కారణం లేఖలో చెప్పవచ్చు.

కామన్-లా బంధాన్ని ప్రమాణపూర్వకంగా ప్రకటించే ఐఎంఎం 5409 ఫారంపై నోటరీ సంతకం కావాలి. మేము మొదట వెళ్ళిన నోటరీ ఫారం చదివి, ముఖం మార్చుకుని, సంతకం చేయనన్నారు. మరొకరు ఒక్క మాటా అడగకుండా ముద్ర వేశారు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ విషయంలో ఇంకొంచెం జాగ్రత్త అవసరం. విచారణ కోసం పోలీసులు ఇంటికి వస్తే, చెప్పకూడదనుకున్న కుటుంబానికి విదేశీ ప్రయాణం సంగతి తెలిసిపోతుంది. తల్లిదండ్రుల ఇంట్లో ఉంటున్నవారు దీని గురించి ముందే ఆలోచించి పెట్టుకోవాలి. వైద్య పరీక్షలో పదిహేనేళ్ళు నిండిన అందరికీ హెచ్‌ఐవీ పరీక్ష ఉంటుంది. ఫలితం పాజిటివ్ అయితే వీసా రాదని మన జంటల్లో భయం బాగా ఉంది, అది నిజం కాదు. వైద్య ఖర్చుల భారం ఎక్కువన్న కారణంతో నిరాకరించే నిబంధన స్పాన్సర్ చేసిన భార్య, భర్త, కామన్-లా భాగస్వాములకు వర్తించదు. ఈ ఒక్క సంగతి తెలియక దరఖాస్తే పెట్టని వారున్నారు, అది నన్ను చాలా బాధిస్తుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. నేను కట్టినప్పటి కంటే ఫీజులు పెరిగాయి. 2024 ఏప్రిల్ 30 నాటి పట్టిక ప్రకారం స్పాన్సర్‌షిప్, ప్రాసెసింగ్, పర్మనెంట్ రెసిడెన్స్ హక్కు ఫీజులు కలిపి 1,205 కెనడా డాలర్లు, బయోమెట్రిక్స్‌కు మరో 85 ఉండేవి. భాగస్వామిని స్పాన్సర్ చేయడానికి సాధారణంగా కనీస ఆదాయ పరిమితి లేదు. వైకల్యం కారణంగా కాకుండా ప్రభుత్వ సహాయంపై బతుకుతున్నవారు మాత్రం స్పాన్సర్ చేయలేరు. క్యుబెక్‌లో ఉంటున్నవారికి ఆ రాష్ట్రపు హామీ ప్రక్రియ వేరుగా ఉంటుంది.

అండర్‌టేకింగ్ అనే హామీని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. భాగస్వామి పర్మనెంట్ రెసిడెంట్ అయిన రోజు నుంచి మూడేళ్ళ పాటు ఆమె కనీస అవసరాలకు స్పాన్సరే బాధ్యురాలు. మధ్యలో విడిపోయినా అది రద్దు కాదు, ఆమె సోషల్ అసిస్టెన్స్ తీసుకుంటే ఆ సొమ్ము స్పాన్సర్ తిరిగి కట్టాలి. దీనికి రెండో వైపూ చూడాలి. 2012లో తెచ్చిన నిబంధన ప్రకారం, కొత్త జంటల్లో స్పాన్సర్ చేయబడినవారు రెండేళ్ళు కలిసి ఉండకపోతే రెసిడెన్స్ పోయే ప్రమాదం ఉండేది. 2017లో దాన్ని ఎత్తేశారు. ఆమె రెసిడెన్స్ ఆమెది, నా చేతిలో తాళంచెవి లేదు. కన్నవాళ్ళకు దూరమై, కొత్త దేశంలో ఒకే మనిషిని నమ్ముకుని వచ్చే స్త్రీకి ఈ భద్రత ఎంత అవసరమో ఆ మూడేళ్ళలో నాకు అర్థమైంది. మేము బాగానే ఉన్నాం, ఇక్కడికి వచ్చాక పెళ్ళీ చేసుకున్నాం. అయినా ఆమె నాతో ఉన్నది ఉండాలనుకున్నందుకే అన్న సంగతి మా ఇద్దరికీ విలువైనదే.

ఇప్పుడిప్పుడే సొంతంగా పీఆర్‌కు (పర్మనెంట్ రెసిడెన్స్‌కు) దరఖాస్తు పెడుతున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక హెచ్చరిక. మీకు ఇప్పటికే కామన్-లా భాగస్వామి ఉండి, ఇంట్లో తెలుస్తుందన్న భయంతో ‘అవివాహిత’ అని రాసి వస్తే, ఆ భాగస్వామిని తరవాత ఫ్యామిలీ క్లాస్‌లో స్పాన్సర్ చేసే దారి మూసుకుపోవచ్చు. నిబంధనల్లో 117(9)(డి) అనే క్లాజు చెప్పేది అదే. 2019లో తెచ్చిన ఊరట శరణార్థుల వంటి కొన్ని వర్గాలకే పరిమితం. మీరు అక్కడ రాసేది ఇంటికి చేరదు, రాయకపోతే మాత్రం నష్టం మీదే.

దరఖాస్తు దేశం బయటి నుంచి పెట్టాలా, భాగస్వామి కెనడాలో ఉండగా లోపలి నుంచి పెట్టాలా అన్నది మరో నిర్ణయం. తిరస్కరిస్తే ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు వెళ్ళే హక్కు బయటి నుంచి పెట్టిన ఫ్యామిలీ క్లాస్ దరఖాస్తులకే ఉంది, లోపలి క్లాస్‌కు లేదు. మాలాగా ఉమ్మడి కాగితాలు తక్కువగా ఉన్న జంటలకు ఆ హక్కు వదులుకోవడం మంచిది కాదని నా అభిప్రాయం.

రెసిడెన్స్ వచ్చాక కూడా కాగితాలు పారేయకండి. ఐదేళ్ళలో 730 రోజులు కెనడాలో ఉండాలన్న షరతు ఆమెకు ఉంది. అయితే పౌరులైన జీవిత భాగస్వామి వెంట విదేశంలో గడిపిన రోజులు కూడా ఆ లెక్కలో చేరతాయి. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు మేమిద్దరం వెళ్ళి చాలాకాలం ఉండిపోవాల్సి వచ్చింది, ఆ రోజులన్నీ లెక్కలో చూపడానికి మళ్ళీ అవే పనికొచ్చాయి: ఇద్దరి టికెట్లు, ఒకే చిరునామా మీద చెరొక బిల్లు, మా పెళ్ళి సర్టిఫికెట్ నకలు.