ములికి వెనక రెండు అంగుళాలు: తొమ్మిదేళ్లుగా వాడుతున్న నా వేట బాణాల సమీక్ష

ఈ బాణాలను స్వయంగా కట్టుకుని వాడడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. ఎల్క్ వంటి పెద్ద దుప్పుల మీద, బలిసిన అడవిపందుల మీద, విల్లుతో వేటకు చట్టం ఒప్పుకునే చోట, అనుమతి పత్రం చేతిలో ఉన్నప్పుడు మాత్రమే వీటిని వదిలాను. మధ్యలో విల్లు ఒకసారి మారింది గానీ బాణం కొలతలు దాదాపు అవే. మారిన ఒకటి రెండు సంగతులూ దెబ్బ తిన్నాకే మారాయి.

అంతకుముందు రెండేళ్లు సిద్ధంగా కట్టి అమ్మే 420 గ్రెయిన్ల బాణాలు వాడాను. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు, అంటే బాణం మొత్తం 27 గ్రాములకు కాస్త పైన. రెండో ఏడాది చివర, ఇరవై రెండు గజాల దూరంలో పక్కగా నిలబడి ఉన్న మగ దుప్పి మీద వదిలిన బాణం నాలుగు వేళ్లు ముందుకు పడి భుజం ఎముకకు తగిలింది. ఎండిన దుంగ మీద కొట్టినట్టు చప్పుడైంది. అరచేయంత లోతు కూడా దిగని ఆ బాణం, జంతువు నాలుగు అంగలు వేసేసరికి జారి కింద పడింది. చీకటి పడేదాకానూ, మర్నాడు మధ్యాహ్నం దాకానూ రక్తపు జాడ పట్టుకుని తిరిగినా దుప్పి దొరకలేదు. దొరికిన బాణాన్ని ఇంటికి తెచ్చి దీపం కింద పెట్టి చూస్తే ములికి వంగలేదు, దాని అంచు కూడా పెద్దగా చెడలేదు. చెడినదంతా దాని వెనకే. ములికిని బిగించేందుకు షాఫ్ట్, అంటే బాణపు గొట్టం, చివర అతికించే అల్యూమినియం ఇన్సర్ట్ లోపలికి ముప్పావు అంగుళం కుంగి, కార్బన్ గొట్టం చివర మూడు చీలికలై పువ్వులా విచ్చుకుంది. జిగురు ఒక పక్కన గోరంత మేర మాత్రమే అంటుకుని ఉంది. మిగిలిన చోట ఇన్సర్ట్ లోహం నిన్న కొన్నదానిలా నిగనిగలాడుతోంది.

ఆ రోజు నుంచి నా లెక్క మారింది. ములికి పదును గురించీ, బాణం వేగం గురించీ గంటలకొద్దీ మాట్లాడుకునే మనం, ఎముక తగిలినప్పుడు ఆ దెబ్బంతా మోసే రెండు అంగుళాల అతుకును ఎవరో కట్టి ఇస్తే నమ్మి వాడేస్తాం. 1980లలో ఆఫ్రికాలో పెద్ద జంతువుల మీద బాణాలు ఎంత లోతుకు దిగుతాయో పరీక్షించిన ఎడ్ ఆష్‌బీ, లోతుగా దిగే బాణానికి ఉండవలసిన గుణాల వరుసలో చెదరని నిర్మాణాన్ని మొదటిదిగా, వంకర లేని ఎగురుడును రెండోదిగా పెట్టారు. ఆయన చెప్పిన 650 గ్రెయిన్ల అంకెను మాత్రం పట్టుకుని మొదటి రెండింటినీ వదిలేసేవారే ఎక్కువగా కనిపిస్తారు. వదులు అతుకున్న బాణానికి బరువు పెంచితే ఆ అతుకు మరింత గట్టిగా విరుగుతుంది, అంతే.

ఇప్పుడు నేను వాడే బాణం బరువు 640 గ్రెయిన్లు. 28 అంగుళాల కార్బన్ షాఫ్ట్ 308, ఉక్కు ఇన్సర్ట్ 75, షాఫ్ట్ ముందు చివరను బయటి నుంచి బిగించి పట్టే కాలర్ 25, ములికి 200, మూడు ప్లాస్టిక్ ఈకలు 21, అల్లెతాడును పట్టే నాక్ 11 గ్రెయిన్లు. ముందు బరువు ఎక్కువ కావడం వల్ల తూగే బిందువు మధ్య నుంచి ముందుకు, బాణం పొడవులో సుమారు 22 శాతం జరిగింది. పాత బాణంలో అది 12 శాతం.

62 పౌండ్ల బలంతో లాగవలసిన నా కాంపౌండ్ (కప్పీలున్న) విల్లు నుంచి పాత బాణం సెకనుకు 268 అడుగుల వేగంతో వెళ్లేది, ఇది 222 అడుగులతో వెళ్తుంది. గతిశక్తి 67 నుంచి 70 ఫుట్ పౌండ్లకు, అంటే చెప్పుకోదగనంతగా పెరిగింది. ద్రవ్యవేగం మాత్రం నాలుగో వంతు పెరిగింది. దీనికి కట్టే మూల్యం తక్కువేమీ కాదు. విల్లు మీది గురి గుర్తును నలభై గజాలకు పెట్టి, ముప్పై అయిదు గజాల్లో ఉన్న జంతువు మీద పొరపాటున వదిలితే, పాత బాణం నాలుగు అంగుళాలు పైన పడేది, ఇది ఆరు అంగుళాలు పైన పడుతుంది. ఆ రెండు అంగుళాల్లో ఊపిరితిత్తులు తప్పిపోవచ్చు. అందుకే దూరం కొలిచే పరికరం లేకుండా నేను బయలుదేరను, ముప్పై గజాలు దాటితే వదలను. సమతల మైదానాల్లో దూరం నుంచి వేటాడేవారికి ఈ బరువు నప్పదనే చెబుతాను. వారికి 500 గ్రెయిన్ల చుట్టుపక్కల ఆగడం మేలు.

నన్ను ఎక్కువగా ఏడిపించింది స్పైన్. 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద షాఫ్ట్‌ను ఉంచి, మధ్యలో 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అది ఎంత కుంగుతుందో అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె అది. 340 అంటే 0.340 అంగుళం కుంగిందని. అంకె తగ్గేకొద్దీ షాఫ్ట్ బిరుసు. ముందు బరువు పెంచితే, అల్లెతాడు నెట్టిన క్షణంలో షాఫ్ట్ మరింత వంగుతుందన్న సంగతి తెలిసి కూడా, ఇంట్లో ఉన్న 340 షాఫ్ట్‌లకే బరువైన ముందు భాగం తగిలించాను. అవి తోక ఆడించుకుంటూ ఎగిరాయి. వాలుగా తగిలిన బాణం ఎంత బరువున్నదైనా తన బలాన్ని షాఫ్ట్ వంపులోనే పోగొట్టుకుంటుంది. ఆ తరువాత 300, 250 స్పైన్‌లలో ఒక్కొక్క షాఫ్ట్ కొని, ఈకలు లేకుండానే ఇరవై గజాల నుంచి వదిలి చూశాను. 300 షాఫ్ట్ గురికి నాలుగు అంగుళాలు పక్కగా, తోక వాల్చి దిగబడింది. 250 షాఫ్ట్ మాత్రం, ఈకలున్న బాణాల పక్కనే నిటారుగా నిలిచింది. డజను ఒకేసారి కొనకండి, ముందు ఒక్కొక్కటి కొని చూడండి అని నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయంలోనే.

ఇక అతుకు. షాఫ్ట్‌ను వేగంగా తిరిగే రాపిడి చక్రంతో, ముక్కుకు మాస్క్ కట్టుకుని కోయాలి. పైపులు కోసే కట్టర్ కార్బన్ పోగులను నలిపేస్తుంది. కోసిన చివరకు సిరా పూసి, చదును చేసే పనిముట్టులో గరుకు కాగితం మీద మెల్లగా తిప్పితే, సిరా ఒక పక్కే చెరిగిపోయి వంకర ఎక్కడుందో తెలుస్తుంది. చుట్టూ సమంగా చెరిగేదాకా తిప్పడమే. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో గొట్టం లోపల తుడవాలి. మొదటిసారి తుడిచినప్పుడు అయిదో పుల్ల కూడా నల్లగానే వచ్చింది, ఎనిమిదోది తెల్లగా వచ్చింది. ఆ పాత బాణంలో జిగురు ఎందుకు పట్టలేదో అప్పుడు అర్థమైంది. ఇన్సర్ట్‌ను గీకి గరుకు చేసి, ఇరవై నాలుగు గంటలు పట్టే రెండు భాగాల ఎపాక్సీ పూసి, తిప్పుతూ లోపలికి దించుతాను. ఈలోగా వెనక నాక్ తీసి ఉంచడం మరిచిపోకూడదు. లోపల చిక్కిన గాలి ఇన్సర్ట్‌ను తిరిగి బయటికి నెడుతుంది. ఆరేటప్పుడు ముందు భాగం కిందికి ఉండేలా నిలబెట్టాలి. వేడి చేసి అతికించే జిగురుతో ఇన్సర్ట్‌ను కావలసినప్పుడు ఊడదీసి మార్చుకోవచ్చు, సాధన బాణాలకు అది చాలు. వేటకు మాత్రం నేను దాన్ని నమ్మను.

కాలర్ విషయంలో తప్పు నాదే. మొదటి ఆరు షాఫ్ట్‌లను అర అంగుళం పొట్టిగా కోయడంతో, విల్లు పూర్తిగా లాగినప్పుడు కాలర్ వచ్చి, విల్లు మీద బాణం ఆనుకునే రెస్ట్ మీద ఎక్కి కూర్చునేది. ఆ ఆరూ ఇప్పుడు దిబ్బ మీది సాధనకే.

ములికి రెండు అలుగుల స్థిరమైనది, ఒక వైపే సాన పట్టినది. సాన కుడివైపుదైతే ఈకల మెలికా కుడివైపే ఉండాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. తగిలాక విచ్చుకునే ములుకులు ఎముక అడ్డురానంతవరకు బాగానే పనిచేస్తాయి గానీ, విచ్చుకోవడానికి కొంత బలం అక్కడే ఖర్చవుతుంది. బిగించిన ప్రతి బాణాన్నీ వేళ్ల మధ్య తిప్పి చూస్తాను; ములికి కొన వెంట్రుకవాసి ఊగినా అది వేట అమ్ములపొదిలోకి వెళ్లదు. డజనులో రెండు మూడు ఇలా తప్పుకుంటాయి.

తొమ్మిదేళ్లలో పదమూడు జంతువుల మీద వదిలితే, పదకొండింటిలో బాణం అవతలి పక్కకు దూసుకుపోయింది. భుజం ఎముక మూడుసార్లు తగిలింది. రెండుసార్లు చీల్చుకుని పోయింది, మూడోసారి కీలు దగ్గర ఆగడంతో రెండో బాణం వేయవలసి వచ్చింది. ఆ ఆగిన బాణం అతుకు మాత్రం కదలలేదు. అయినా దాన్ని మళ్లీ వాడే ముందు చెవి దగ్గర పెట్టుకుని రెండు చేతులతో వంచి తిప్పాను. కాలర్ వెనక సన్నగా చిటచిటమంది. కంటికి బీట కనిపించలేదు. అలాంటి షాఫ్ట్ అల్లెతాడు మీద పగిలితే కార్బన్ పుల్లలు విల్లు పట్టిన చేతిలో దిగుతాయి కనుక, దాన్ని మధ్యకు విరిచి పారేసి, ములికీ నాక్ తీసి దాచుకున్నాను.