జెన్‌తో పద్దెనిమిదేళ్లు: ఒకే మోడల్, రెండు యంత్రాలు

1999లో అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల మీద వాడే కోబాల్ (ప్రోగ్రామింగ్ భాష), జేసీఎల్ (పనులను నడిపించే ఆదేశాల భాష), డీబీ2 (డేటాబేస్) నేర్చుకుని మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరాను. మొదటి వారంలోనే మా టీమ్ లీడర్ గారు ఒక నియమం చెప్పారు: "ఇక్కడ ఎవరూ చేత్తో కోబాల్ రాయకూడదు." ఆరు నెలలు రాత్రింబవళ్లు కష్టపడి నేర్చుకున్న నాకు ఆ మాట చాలా బాధ కలిగించింది. కోబాల్‌ను మా బదులు కూల్ జెన్ అనే సాధనం రాసేది. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు దానితోనే పనిచేశాను. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు అదే నియమం చెబుతున్నాను.

టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1980లలో ఐఈఎఫ్ పేరుతో తెచ్చిన ఈ సాధనం 1997లో స్టెర్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు, 2000లో కంప్యూటర్ అసోసియేట్స్‌కు, 2018లో బ్రాడ్‌కామ్‌కు చేరింది. పేరు ఎన్నిసార్లు మారినా మాకు అది జెన్ మాత్రమే.

ఇందులో ఎంటిటీలనూ (కస్టమర్, పాలసీ వంటి సమాచార అంశాలను), వాటి మధ్య సంబంధాలనూ గీస్తాం. లాజిక్‌ను యాక్షన్ డయాగ్రమ్ అనే, ఏ భాషకూ చెందని రూపంలో రాస్తాం. ఇవన్నీ కలిపి మోడల్. అదే మోడల్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కు కోబాల్, యూనిక్స్‌కు సీ పుడతాయి. డేటాబేస్‌తో మాట్లాడే ఎస్‌క్యూఎల్ కూడా జెనే రాసుకుంటుంది. నాకు అన్నిటికంటే నచ్చింది ఇక్కడే. ఒకే కీతో (రికార్డును గుర్తించే విలువతో) రెండో రికార్డు చేర్చబోతే డీబీ2 -803 అనే ఎర్రర్ కోడ్ ఇస్తుంది, మరో డేటాబేస్ ఒరాకిల్ -1 ఇస్తుంది. డయాగ్రమ్‌లో మాత్రం "ఇప్పటికే ఉంటే" అన్న ఒక్క శాఖ రాస్తే చాలు.

ఒక బీమా సంస్థ తన అప్లికేషన్‌లో సగభాగాన్ని డీబీ2 నుంచి యూనిక్స్ మీది ఒరాకిల్‌కు మార్చమంది. కోడ్ పెద్ద ఇబ్బంది లేకుండా జనరేట్ అయింది. అసలు కష్టం రాత్రిపూట వరుసగా నడిచే పనుల్లో, అంటే బ్యాచ్‌లో మొదలైంది. మెయిన్‌ఫ్రేమ్ నుంచి వచ్చిన ఫైలునూ ఒరాకిల్ ఇచ్చిన ఫైలునూ పాలసీ నంబరు వారీగా పోల్చే ప్రోగ్రాము, ఉన్న పాలసీలను లేవని చూపించింది. మూడు రాత్రులు మోడల్‌లోనే తప్పు వెతికాం. మోడల్‌లో ఏ తప్పూ లేదు. పాత పాలసీ నంబర్లు అంకెతో, కొత్తవి అక్షరంతో మొదలవుతాయి. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలకు వాడే కోడ్ పద్ధతి ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. యూనిక్స్ వాడే ఆస్కీలో అంకెలే ముందు. రెండు ఫైళ్లూ సరిగ్గానే వరుసలో ఉన్నాయి, కానీ ఆ వరుసలు వేరు. పోల్చేముందు ఒకదాన్ని మళ్లీ సార్ట్ చేస్తే సమస్య తీరిపోయింది. ఖాళీ పదాన్ని ఒరాకిల్ నల్‌గా, అంటే విలువే లేనట్టుగా తీసుకోవడం, డీబీ2 అలా తీసుకోకపోవడం మరో చిక్కు. దాన్ని మాత్రం పరీక్షల్లోనే పట్టుకున్నాం.

జనరేట్ అయిన కోబాల్‌ను ఎవరూ ముట్టుకోకూడదు. ఒక నెలాఖరు రాత్రి మా బృందంలో ఒకరు ఆ కోడ్‌లోనే వడ్డీ లెక్క సరిదిద్ది, మోడల్‌లో మార్చడం మరచిపోయారు. మరుసటి నెల వేరే పనికోసం జనరేట్ చేయగానే ఆ దిద్దుబాటు చెరిగిపోయింది. పాత తప్పే మళ్లీ వెళ్లింది. ఇది ఏ జనరేటర్‌తోనైనా జరిగేదే. అందుకే మా టీమ్ లీడర్ గారి నియమాన్ని అంత గట్టిగా పట్టుకున్నాను.

కొత్తగా మొదలయ్యే చిన్న అప్లికేషన్‌కు దీన్ని వాడమని చెప్పను. వేల ప్రోగ్రాములున్న, ముప్పై ఏళ్లు బతకాల్సిన వ్యవస్థకైతే ధైర్యంగా చెబుతాను. యంత్రం మార్చాలనుకునేవారు ముందుగా ఎక్స్‌టర్నల్ యాక్షన్ బ్లాకులను లెక్కపెట్టుకోవాలి. అవి మోడల్ బయట చేత్తో రాసిన కోబాల్ కాబట్టి జనరేటర్ వాటిని మార్చదు. మేం ప్రతి ఒక్కదాన్నీ సీలో మళ్లీ రాశాం, ఆ బీమా ప్రాజెక్టులో ఎక్కువ రోజులు తిన్నది అదే.