చెన్నైలో పరిచర్యకు వెళ్తే ఎక్కడ ఉండాలి

మా ఒంగోలు క్రైస్తవ సంఘంలో ఎవరైనా పరిచర్యకు, అంటే సంఘం తరఫున సేవకు, చెన్నై వెళ్తున్నామంటే నేను ముందు అడిగేది బస ఎక్కడ అని. గదిలో ఏసీ ఉందా, చర్చి ఎంత దూరం అన్నవి తర్వాతి సంగతులు. ఎవరి మధ్య పని చేయాలని వెళ్తామో వాళ్ల వీధిలోనే నిద్ర లేవాలి. అప్పుడే ఆ పనిలో సంతోషం ఉంటుందని నా గట్టి నమ్మకం. టీచరు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక మావారూ నేనూ అక్కడి ఒక తెలుగు సంఘానికి సాయంగా వెళ్లి, రెండు రకాల బసల్లో ఉన్నాం. రెంటికీ చాలా తేడా.

మొదటిది మిషన్ గెస్ట్‌హౌస్. పెద్ద కాంపౌండు, వేపచెట్లు, ఉతికిన దుప్పట్లు, వేళకు టిఫిను. వయసు పైబడినవాళ్లకు, వారం పది రోజుల పని మీద వచ్చేవాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. అయితే రాత్రి తొమ్మిదికి గేటు మూసేస్తారు, బయటివాళ్లను గదికి రానివ్వరు. కూలిపనికి పోయే మనవాళ్లు ఇల్లు చేరి, స్నానం చేసి, నెమ్మదిగా కూర్చునేసరికి ఎనిమిది దాటుతుంది. ఇళ్లలో జరిగే ప్రార్థన కూటంలో కీర్తన ఎత్తుకునే వేళకు మాకు గేటు టెన్షన్ పట్టుకునేది. వాళ్లు అన్నం తిని వెళ్లమన్నా ఉండలేకపోయేవాళ్లం. పరిచర్యలో నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది అదే.

తర్వాత పెరంబూరు వైపు, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న వీధిలో మేడ మీద గది తీసుకున్నాం. చెన్నైలో అడ్వాన్సు గట్టిగానే అడుగుతారు, దానికి సిద్ధపడి వెళ్లండి. మే నెలలో శ్లాబు కాలి రాత్రంతా ఉక్కపోత. నీళ్లు కింద నుంచి బిందెలతో మోసుకోవాలి. సౌకర్యం చూస్తే గెస్ట్‌హౌస్‌కు సాటి రాదు. అయినా నా ఓటు ఈ గదికే.

నీళ్ల పంపు దగ్గరే వీధంతా పరిచయమైంది. అక్కడి ఆడవాళ్లలో చాలామంది కార్పొరేషన్‌లో పారిశుధ్య పని చేస్తారు. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో చదివింది మాత్రం తమిళం. నేను టీచరునని తెలిశాక పిల్లలు సాయంత్రం పలకలు పట్టుకుని మేడ మెట్ల మీదకు చేరేవాళ్లు. ఒకామె వచ్చి, "అమ్మా, మా నాయనమ్మ పాడే కీర్తన పల్లవి ఒక్కటే గుర్తుంది, చరణాలు మీకొచ్చా?" అని అడిగింది. నేను పాడుతుంటే తమిళ అక్షరాల్లో రాసుకుంది. ఆదివారం ఆరాధనలో ఆ కీర్తన ఆమే ఎత్తుకుంటే, వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మలు ఒక్కొక్కరూ గొంతు కలిపారు. వాళ్లకు ఆ చరణాలన్నీ వచ్చు! ఇన్నేళ్లుగా అడిగినవాళ్లు లేరంతే. నేను చేసిన ఏ వాక్య ప్రసంగం వల్లా అంత సంతోషం కలగలేదు.

తిరగడానికి సిటీ బస్సే మేలు. 2021 నుంచి మామూలు చార్జీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు డబ్బు లేదు. మెట్రో చల్లగా, శుభ్రంగా ఉంటుంది గానీ మేం వెళ్లాల్సిన సందులకు అది దూరం. బీచ్ నుంచి వేళచ్చేరి వెళ్లే రైలు మాత్రం ఒక్కసారైనా ఎక్కమంటాను. దాని దారిలో చాలా దూరం బకింగ్‌హాం కాలువ పక్కనే ఉంటుంది. ఇప్పుడది నల్లటి మురుగు, ముక్కు మూసుకోవాల్సిందే. కానీ ఆంధ్రా తీరం వెంట కూడా సాగే ఆ కాలువతో ఒంగోలు క్రైస్తవులకు పెద్ద బంధం ఉంది. 1876లో మొదలైన మహా కరువులో మా ఊరి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ కాలువలోనే కొంత భాగం తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఆ సాయం జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. కరువు పని ముగిశాక 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జనం ఆ అంకె గురించే చెప్పుకుంటారు. నాకు దానికంటే బాప్తిస్మాలు ఆపిన ఆ నెలలే గొప్పగా కనిపిస్తాయి.

మేం కూడా ఆసుపత్రుల్లో ఆ పద్ధతే పాటించాం. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రికి నెల్లూరు, తిరుపతి వైపు నుంచి రోజూ జనం వస్తారు. 1954లో ముత్తులక్ష్మి రెడ్డి గారు ప్రారంభించిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ తెలుగు వినిపిస్తుంది. ఏ కౌంటరు ఎక్కడ, చీటీలో ఏం రాశారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు, ఇవి తెలియక మనవాళ్లు బెంబేలెత్తిపోతారు. మేం చేసింది వాళ్ల వెంట నడిచి తమిళంలో మాట్లాడటం. మతం మాట మేం ఎత్తలేదు. ప్రార్థన చేయమని వాళ్లుగా అడిగితే చేశాం. కొందరు వెంకన్నకు మొక్కుకున్నామని చెప్పేవాళ్లు, వాళ్ల పక్కనా అలాగే కూర్చున్నాం. ఆత్మకూరు నుంచి బిడ్డను తీసుకొచ్చిన ఒక తండ్రి, డిశ్చార్జి అయ్యాక మా గది వెతుక్కుంటూ వచ్చి అరటిగెల దించి వెళ్లాడు.

ఆసుపత్రుల దగ్గర లాడ్జీలు నాకు నచ్చలేదు. గాలి ఆడని గదులు, రోగి ఉన్నాడని తెలిస్తే అద్దె పెంచేవాళ్లూ ఉన్నారు. తిండికి మాత్రం దిగులు లేదు. ప్రభుత్వ చవక భోజనశాల అమ్మ క్యాంటీన్‌లో రూపాయికి ఇడ్లీ. మేం చాలాసార్లు రోగుల బంధువులతో కలిసి అక్కడే తిన్నాం, వేడిగా, శుభ్రంగా పెట్టారు.

సెలవు దొరికిన రోజు చూడాల్సిన వాటిలో నాకు ఎక్కువ నచ్చింది పరంగిమలై, సెయింట్ థామస్ మౌంట్. యేసు శిష్యుడు తోమా అపొస్తలుడు అక్కడే హతసాక్షి అయ్యాడని, అంటే విశ్వాసం కోసం ప్రాణం ఇచ్చాడని, సంప్రదాయం. 1547లో బయటపడిన రాతి శిలువ కొండ మీది గుడిలో ఉంది. పొద్దున్నే మెట్లెక్కితే పైన గాలి హాయిగా ఉంటుంది. శాంథోమ్ బాసిలికా తెల్లగా, ఎత్తుగా చూడముచ్చటగా ఉంటుంది గానీ రోడ్డు రొద ఎక్కువ. సెయింట్ జార్జ్ కెథెడ్రల్‌లో 1947 సెప్టెంబరు 27న పలు ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది, ఆవరణలో చెట్ల నీడ బాగుంటుంది. ఒక పూట చాలు.

వెళ్లేందుకు జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, పల్లపు వీధుల్లో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. ఇల్లు వదిలి ఉండలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. సూళ్లూరుపేట నుంచి సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్‌కు లోకల్ రైళ్లు నడుస్తాయి. దిగి రోడ్డు దాటితే పెద్దాసుపత్రి. తడ, సూళ్లూరుపేట వైపు వాళ్లకు రెండు భాషలూ వస్తాయి కాబట్టి, వారానికి ఒక్క పూట ఓపీ దగ్గర నిలబడినా చాలామందికి పని జరుగుతుంది. ఓపీ చీటీలు పొద్దున్నే ఇస్తారు, తొలి లోకల్‌కే బయల్దేరండి.