క్రిస్మస్ చెట్టుకు క్రోషే నక్షత్రాలు: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పదో నంబరు మెర్సరైజ్డ్ నూలు దారంతో, ఒకటిన్నర మిల్లీమీటర్ల ఉక్కు క్రోషే సూదితో అల్లిన నక్షత్రాలు, మంచు పువ్వులు, చిన్న గంటలు మా ఇంట్లో చాలా ఏళ్లుగా ప్రతి డిసెంబరులోనూ సరుగుడు కొమ్మకు వేలాడుతున్నాయి. ఇన్నేళ్లలో నాకు బలంగా అనిపించింది ఏమిటంటే, అలంకారం ఎంతకాలం నిలుస్తుందన్నది డిజైనును బట్టి కాక, దారాన్ని, గంజి పెట్టే పద్ధతిని బట్టే ఉంటుంది.

ఊలుతో, యాక్రిలిక్ దారంతో అల్లినవి చూడటానికి నిండుగా ఉన్నా గంజిని సరిగా పట్టవు. ఒక్క పండుగ గడిచేసరికి నూగు లేచి, కొసలు వాలిపోతాయి. మెర్సరైజ్డ్ నూలుకు ఆ బాధ లేదు. కాస్టిక్ సోడాలో శుద్ధి చేయడం వల్ల దాని పోగు గుండ్రంగా ఉబ్బి, మెరుపూ బలమూ సంతరించుకుంటుంది. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది కనుక ఇరవయ్యో నంబరుతో పనితనం ఇంకా సున్నితంగా కనిపిస్తుంది గానీ, రాత్రి దీపం వెలుగులో అల్లేవారి కళ్లకు అది చాలా శ్రమ.

మంచు స్ఫటికానికి ఆరు కొమ్మలుంటాయి. అందుకే మధ్య వలయంలో పన్నెండు పొడవు కుట్లు వేసి, రెండేసి కుట్లకు ఒక కొమ్మ చొప్పున లాగి, ప్రతి కొసలోనూ మూడు గొలుసు కుట్లతో చిన్న మొగ్గ వేస్తే పువ్వు సహజంగా కుదురుతుంది.

అసలు పరీక్ష గట్టిపరచడంలోనే ఉంది. అన్నం వార్చిన గంజి దారం తెల్లదనాన్ని చక్కగా నిలుపుతుంది, కానీ వానాకాలం తేమకు మెత్తబడి పురుగును పిలుస్తుంది. పంచదార పాకం గాజులా బిగుస్తుంది. అయితే గోదావరి జిల్లాల ఉక్కపోతలో అది జిగురెక్కి చీమలు పడతాయి. తెల్ల గమ్మును సమానమైన నీటిలో కలిపి, నక్షత్రాన్ని ముంచి, పిండి ఆరబెట్టినవి మాత్రం ఏళ్లు గడిచినా నిటారుగానే ఉన్నాయి. దారం మెరుపు కాస్త తగ్గడం ఒక్కటే దీని లోపం. థర్మాకోల్ పలక మీద ఆరు సమభాగాల గీతలు గీసిన కాగితం, దానిపై పాలిథిన్ కవరు పరచి, తడి నక్షత్రాన్ని దానిమీద ఉంచి, ఎదురెదురు కొసలను ముందుగా గుండుసూదులతో గుచ్చుకుంటూ పోవాలి. సూదులు తుప్పు పట్టనివై ఉండటం తప్పనిసరి, ఎందుకంటే తెల్ల దారం మీద పడిన తుప్పు మచ్చ ఒక పట్టాన వదలదు.

అల్లే తీరిక లేనివారు నరసాపురం స్త్రీలు చేత్తో అల్లే క్రోషే లేసు కొనుక్కోవడం ఎంతో మేలని నా అభిప్రాయం. 1844లో స్కాట్లాండ్ మిషనరీల ద్వారా అక్కడి స్త్రీల చేతికి వచ్చిందని చెప్పే ఈ కళకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ కుట్లలోని సమానమైన బిగువు సాధన లేని చేతికి అందదు. అంత పనికి కుట్టేవారికి ముట్టే కూలి చాలా తక్కువ కాబట్టి, వీలైతే వారి దగ్గరే నేరుగా కొనమని కోరుతున్నాను. గట్టిపరచని నక్షత్రాలు అడిగి తీసుకుంటే గమ్ము ఇంట్లోనే పెట్టుకోవచ్చు.

గంటలను మాత్రం సిఫారసు చేయలేను. చిన్న గ్లాసు మీద బోర్లించి ఆరబెట్టినా, పెట్టెలో ఏ కాస్త ఒత్తిడి తగిలినా సొట్టపోతాయి. బల్లపరుపుగా ఉండే నక్షత్రాలను తెల్ల కాగితాల మధ్య పరచి డబ్బాలో ఉంచితే చాలు. వార్తాపత్రిక వాడితే సిరా అంటుకుంటుంది.