ఆటకు నాలుగు మార్కులు, ఐడీ భద్రతకు రెండు

ఇది ఆట బాగుందా లేదా అని చెప్పే సమీక్ష కాదు; ఆ ఆటలో మనకుండే ఐడీ, అంటే మన ఖాతా, ఎంత భద్రంగా ఉంటుంది, అది పోతే కంపెనీ కస్టమర్ సపోర్ట్ మనతో ఎలా వ్యవహరిస్తుంది అన్నదే ఇక్కడ విషయం. లాక్‌డౌన్ రోజుల్లో మొదలుపెట్టి ఇప్పటికీ వారంలో చాలా రాత్రులు స్నేహితులతో కలిసి ఆడుతున్న ఒక మొబైల్ షూటింగ్ గేమ్‌లో నా ఐడీ ఒకసారి పరాయి చేతుల్లో పడి, నెలల తర్వాత సగమే తిరిగొచ్చింది. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున గేమ్ పేరుగానీ కంపెనీ పేరుగానీ రాయడం లేదు. పేరు లేనందువల్ల పాఠకులకు పెద్దగా నష్టం లేదనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే ఏర్పాట్లు మన దగ్గర పిల్లలూ పెద్దలూ ఆడే చాలా మొబైల్ గేమ్‌లలో కొద్దిపాటి తేడాలతో ఇలాగే ఉన్నాయి. గ్రాఫిక్స్‌కు, మ్యాప్‌లకు, ఆటలోని పట్టుకు ఐదుకు నాలుగు మార్కులు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఖాతా భద్రతకు మాత్రం రెండు. అందులోనూ ఒకటిన్నర ఈమధ్య చేసిన మార్పుల పుణ్యమే.

ముందుగా లాగిన్ సంగతి. గేమ్ డౌన్‌లోడ్ చేసిన వెంటనే గెస్ట్‌గా ఆడవచ్చు. కొత్తవాళ్లకు ఇది సౌకర్యమే గానీ, గెస్ట్ ఐడీ ఆ ఫోన్‌తోనే ముడిపడి ఉంటుంది కాబట్టి ఫోన్ పాడైనా యాప్ తీసేసినా దాన్ని మరిచిపోవలసిందే. అందుకని గూగుల్, ఫేస్‌బుక్ వంటి ఖాతాతోనో మొబైల్ నంబరుతోనో లింక్ చేసుకోమంటారు. లింక్ చేసిన క్షణం నుంచి గేమ్ ఐడీ భద్రత ఆ బయటి ఖాతా భద్రతను మించి ఉండదు. ఎప్పుడో కాలేజీలో తెరిచి, ఇప్పుడు ఏడాదికి ఒకసారైనా చూడని ఫేస్‌బుక్ ఖాతా మీదే వేల రూపాయల స్కిన్‌లు (ఆటలో తుపాకీలకు, పాత్రలకు కొనే అలంకరణలు) ఉన్న ఐడీని ఆధారపెట్టుకున్నవాళ్లు నాతో ఆడే జట్టు, మా స్క్వాడ్‌లోనే ఉన్నారు. మొబైల్ నంబరు వ్యవహారం ఇంకా సున్నితమైనది. ఊళ్లలో పిల్లలు ఆడేది ఎక్కువగా నాన్న పేరుమీదో అన్న పేరుమీదో ఉన్న సిమ్‌తో. రీఛార్జ్ చేయక ఆ నంబరు మూతపడితే, 90 రోజుల గడువు దాటాక టెలికాం సంస్థ దాన్ని వేరొకరికి ఇవ్వవచ్చు. అప్పటి నుంచి ఓటీపీ ఆ కొత్త మనిషికే వెళుతుంది. ఇందులో హ్యాకింగ్ ఏమీ లేదు, ఎవరి తప్పూ లేదు, కానీ ఐడీ మాత్రం పోతుంది. మా పిన్ని కొడుకు విషయంలో ఈ ప్రమాదాన్ని కాస్త ముందుగా గమనించి నంబరు మార్పించగలిగాం.

పాస్‌వర్డ్, ఓటీపీలు చాలవని గేమింగ్ కంపెనీలకు తెలియక కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆటగాళ్ల ఖాతాలు పోతుంటే దాని తయారీ సంస్థ బ్లిజార్డ్ 2008లోనే, బటన్ నొక్కితే ఒక్కసారికే పనికొచ్చే కోడ్ చూపించే చిన్న పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ వేదికను నడిపే వాల్వ్ సంస్థ 2015 డిసెంబరులో, తమ దగ్గర నెలకు సుమారు 77,000 ఖాతాలు చోరీకి గురై ఖాళీ అవుతున్నాయని బహిరంగంగా ఒప్పుకుంది. అలా ఒప్పుకోవడమే అరుదు. ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఫోన్‌లో ఆథెంటికేటర్ (లాగిన్‌కు ఒక్కసారికే పనికొచ్చే కోడ్ చూపించే యాప్) పెట్టుకోని ఆటగాళ్లు ఆటలోని వస్తువులను ఇతరులకు పంపితే అవి వెంటనే చేరకుండా కొన్ని రోజులు ఆపి ఉంచడం మొదలుపెట్టింది, తర్వాత ఆ వ్యవధిని 15 రోజులకు పెంచింది. 2025లో తన కౌంటర్ స్ట్రైక్ 2 గేమ్ వస్తువుల విషయంలో, గడచిన ఏడు రోజుల ట్రేడ్‌లను ఆటగాడే వెనక్కి తిప్పుకునే వీలు కల్పించింది. ఐడీ దొంగిలించినవాడు ఎప్పుడూ తొందరలో ఉంటాడు, అసలు యజమాని నిద్ర లేచేలోపే సరుకు చేతులు మారాలి. ఆ తొందరకు అడ్డం పడటమే అసలైన భద్రత అని నా అభిప్రాయం. నేను ఆడే గేమ్‌లో అప్పట్లో ఆథెంటికేటరూ లేదు, ఆలస్యమూ లేదు. లింక్ అయిన ఈమెయిల్‌ను రెండు నిమిషాల్లో మార్చేయవచ్చు, మార్చిన మరుక్షణం పాత ఈమెయిల్‌కు ఆ ఐడీతో సంబంధం తెగిపోతుంది.

నా ఐడీ విషయంలో జరిగింది అదే. ఆఫీసు నుంచి వచ్చి గేమ్ తెరిస్తే లాగిన్ పేజీ కనిపించింది, ఆ ముందే స్క్వాడ్‌లోని మిత్రుడు వాట్సాప్‌లో "ఒరేయ్, ఇన్వైట్ పంపితే రిజెక్ట్ కొడుతున్నావేంట్రా? పేరు కూడా మార్చేశావ్?" అని అడిగాడు. ఎవరు, ఏ దారిన ప్రవేశించారో నాకు నేటికీ తెలియదు. తెలుసుకునే హక్కు కనీసం యజమానికైనా ఉండాలి, కానీ ఏ రోజు ఏ ఫోన్ నుంచి లాగిన్ జరిగిందో చూపించే పేజీ అప్పట్లో గేమ్‌లో లేదు. అడిగితే, భద్రతా కారణాల వల్ల చెప్పలేమన్నారు. 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోకి చొరబాటు జరిగి దాదాపు 7.7 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డప్పుడు, సేవలను మూడు వారాలకు పైగా ఆపేసిన సోనీ ప్రపంచానికి సంజాయిషీ చెప్పుకోక తప్పలేదు. ఒక్కడి ఐడీ పోతే ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పరు, ఒక టికెట్ నంబరు మాత్రం వస్తుంది.

ఆ టికెట్ నంబరు తెచ్చుకోవడమే ఒక ప్రహసనం. సహాయం కోసం నొక్కాల్సిన బటన్ గేమ్ లోపల, సెట్టింగ్స్‌లో ఉంటుంది. లాగిన్ అయితే తప్ప అది కనిపించదు, లాగిన్ కాలేకపోవడమే మన సమస్య. చివరికి గెస్ట్‌గా ఇంకో ఐడీ సృష్టించుకుని, దాని లోపలి నుంచి అసలు ఐడీ గురించి ఫిర్యాదు రాయాల్సి వచ్చింది. మొదట పలికేది చాట్‌బాట్. అది ఇచ్చే జాబితాలో లాగిన్ సమస్య ఉంది, కొనుగోలు సమస్య ఉంది, ఇంకో ఆటగాడి మీద ఫిర్యాదు ఉంది, నా ఐడీ వేరొకరి దగ్గర ఉంది అన్నది మాత్రం లేదు. లాగిన్ సమస్య ఎంచుకుంటే యాప్ క్యాష్ క్లియర్ చేయమంటుంది. దాన్ని దాటుకుని మనిషి దాకా చేరాక వచ్చిన జవాబు ఇంగ్లిష్‌లో, మర్యాదగా, ఏమాత్రం పనికిరానిదిగా ఉంది: అసౌకర్యానికి చింతిస్తున్నామని, ధ్రువీకరణ కోసం ప్రస్తుతం ఖాతాకు లింక్ అయి ఉన్న ఈమెయిల్ నుంచి తమకు రాయమని. ప్రస్తుతం లింక్ అయి ఉన్న ఈమెయిల్ దొంగది. కంపెనీ రికార్డు ప్రకారం ఆ క్షణాన యజమాని వాడే, నేనే ఎవరో బయటివాణ్ణి. పైగా సపోర్ట్ పంపిన జవాబులన్నీ నా సొంత ఈమెయిల్‌కు కాక ఆ గెస్ట్ ఐడీ ఇన్‌బాక్స్‌కే వచ్చేవి. అవి చూసుకోవడం ఆలస్యమైతే స్పందన లేదంటూ టికెట్ మూసేసేవారు, మళ్లీ తెరిస్తే ఇంకో ఉద్యోగి వచ్చి కథ మొదటి నుంచి అడిగేవారు.

తర్వాత వచ్చిన రికవరీ ఫారం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఐడీ ఏ నెలలో తెరిచారు, అప్పుడు వాడిన ఫోన్ మోడల్ ఏది, ఏ ఊళ్లో ఉన్నారు, మొదటి కొనుగోలు రసీదు ఏది, ఏ కార్డుతో చెల్లించారు, ఆ కార్డు చివరి నాలుగు అంకెలేమిటి అని ప్రశ్నలు. మొదటి మూడింటికి జవాబులు పర్వాలేదు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది, ఎందుకంటే నేను ఎప్పుడూ యూపీఐతోనే చెల్లించాను, నాకు తెలిసిన ఆటగాళ్లందరూ అంతే. ఫారంలో యూపీఐ అన్న మాటే లేదు, కార్డు అంకెల గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలదు. సున్నాలు వేసి పంపితే వివరాలు సరిపోలలేదని తిరస్కరించారు. చివరికి పని చేసింది గూగుల్ ప్లే రసీదు: కొనుగోలు చేసిన ప్రతిసారీ జీమెయిల్‌కు వచ్చే రసీదులో 'జీపీఏ' అక్షరాలతో మొదలయ్యే ఆర్డర్ నంబరు ఉంటుంది. అలాంటివి పాతవాటి నుంచి వరసగా తీసి, వాటి పక్కన బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్లు రాసి, ఒకే పీడీఎఫ్‌గా పంపాను. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇచ్చిన ఫిర్యాదు నకలు కూడా జతచేశాను; ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకోవడం ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడే నేరం. దీని తర్వాత సపోర్ట్ స్వరం స్పష్టంగా మారింది.

సపోర్ట్ పక్షాన కూడా ఒక మాట చెప్పడం న్యాయం. వాళ్లు అనుమానించడానికి కారణం ఉంది. టెలిగ్రామ్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఐడీల అమ్మకం బహిరంగంగా సాగుతోంది. డబ్బు తీసుకుని ఐడీ అమ్మినవాడే పది రోజుల తర్వాత తన ఐడీ హ్యాక్ అయిందని టికెట్ వేసి తిరిగి రాబట్టుకోవడం ఆ మార్కెట్‌లో పాత మోసం. అడిగినవాళ్లకల్లా ఇచ్చేస్తే ఏమవుతుందో 2022 జనవరిలో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమింగ్ కంపెనీ అనుభవంలో బయటపడింది. ఫిఫా 22 ఫుట్‌బాల్ గేమ్ ఆడే కొందరు పేరున్న ఆటగాళ్ల ఖాతాల కోసం మోసగాళ్లు ఆ సంస్థ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగులనే నమ్మించి, రెండంచెల ధ్రువీకరణను కూడా దాటి, 50కి లోపు ఖాతాలను చేజిక్కించుకున్నారు. అందులో తమ సిబ్బంది పొరపాటు ఉందని సంస్థే ప్రకటించింది. కాబట్టి సపోర్ట్ మరీ మెత్తగా ఉండకూడదని నేనూ ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. ఏళ్ల తరబడి ఒకే ఫోన్ నుంచి, ఒకే నగరం నుంచి, అవే ముగ్గురు స్నేహితులతో ఆడిన ఐడీ ఒక్క సాయంత్రంలో కొత్త ఫోన్‌కు, కొత్త ఊరికి, కొత్త పేరుకు మారితే, ఆ సమాచారమంతా కంపెనీ సర్వర్లలోనే ఉంది. నాకు ఏ తుపాకీ స్కిన్ చూపిస్తే కొంటానో లెక్కగట్టి ఆఫర్ పంపడానికి దాన్ని వాడుకునే కంపెనీ, యజమాని ఎవరో తేల్చడానికి మాత్రం కార్డు చివరి నాలుగు అంకెలు అడుగుతుంది.

ఐడీ తిరిగొచ్చిన రోజున ఇంకో సమస్య ఎదురైంది. నా దగ్గర లేని కాలంలో దాన్ని వాడినవాడు చీటింగ్ టూల్స్‌తో ఆడాడు, దాంతో ఐడీపై నిషేధం పడింది. ఖాతా రికవరీ విభాగం ఐడీ నాదేనని రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆటలో మోసాలను పట్టుకునే యాంటీ చీట్ విభాగం మాత్రం, ఖాతాలో జరిగే ప్రతి పనికీ ఖాతాదారే బాధ్యుడన్న నిబంధనను ఉటంకిస్తూ నిషేధం ఎత్తివేయనంది. రెండు విభాగాల జవాబులూ ఒకే రోజు, ఒకే లోగో కింద వచ్చాయి. ఒకటి చదివితే నేను బాధితుణ్ణి, రెండోది చదివితే నేరస్థుణ్ణి. నిషేధం మొదలైన తేదీ, నేను ఐడీ పోయిందని టికెట్ వేసిన తేదీ తర్వాతిదని చూపించినా, ఆ విభాగం నుంచి అదే పేరా మళ్లీ వచ్చింది.

అప్పుడు కంపెనీలో ఫిర్యాదులు పరిష్కరించే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాశాను. 2021 ఐటీ నియమాల ప్రకారం ఆన్‌లైన్ వేదికల గ్రీవెన్స్ ఆఫీసర్ ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, 2026 ఫిబ్రవరి వరకు ఉన్న గడువు ప్రకారం 15 రోజుల్లో పరిష్కరించాలి. ఈ కంపెనీ కూడా తన గోప్యతా విధానం పేజీలో, అట్టడుగున, ఆ అధికారి ఈమెయిల్ ఇచ్చింది. గేమ్ లోపల సహాయం పేజీలో ఆ ప్రస్తావనే లేదు. గేమ్ సపోర్ట్ నెలల్లో చేయని పనిని ఆ ఒక్క ఈమెయిల్ గడువులోగా కొంతవరకు చేయించింది: నిషేధం తొలగించారు, పోయిన స్కిన్‌లలో కొన్ని తిరిగి ఇచ్చారు. ప్రొఫైల్ మీద నిషేధం పడిన చరిత్రను మాత్రం చెరపలేదు. అధికారి జవాబుతో తృప్తిపడకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం 2023లో ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు. దానికి రుసుము గానీ వకీలు గానీ అక్కర్లేదు.

ఈమధ్య వచ్చిన మార్పులను కూడా చెప్పాలి. ఇప్పుడు సెట్టింగ్స్‌లో లాగిన్ అయి ఉన్న ఫోన్ల జాబితా కనిపిస్తోంది, తెలియని ఫోన్‌ను అక్కడి నుంచే తీసేయవచ్చు. లింక్ మార్చమని అడిగితే కొన్ని రోజులు ఆగుతోంది, ఆలోపు పాత ఈమెయిల్‌కు సమాచారం పంపి రద్దు చేసుకునే వీలిస్తోంది. ఈ ఒక్క ఏర్పాటు అప్పుడే ఉండి ఉంటే నేను ఈ సమీక్ష రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఫారంలో గూగుల్ ప్లే ఆర్డర్ నంబరుకు గడి చేర్చారు. ఆథెంటికేటర్ యాప్ ఇంకా లేదు. సపోర్ట్ ఇప్పటికీ ఇంగ్లిష్, హిందీలకే పరిమితం. నేను ఏదో రకంగా ఇంగ్లిష్‌లో వాదించగలిగాను గానీ, మా పిన్ని కొడుకు వయసువాళ్లకు ఆ పీడీఎఫ్ తయారుచేసి పెట్టేవాళ్లు ఇంట్లో ఉండకపోవచ్చు. అలాంటి పిల్లలున్న ఇళ్లలో ఐడీ పోకముందే చేసుకోదగ్గ పని ఒకటుంది: ప్లే రసీదులు వచ్చే జీమెయిల్ పాస్‌వర్డ్ పెద్దల దగ్గర కూడా ఉంచుకుని, ఐడీ నంబరు కనిపించే ప్రొఫైల్ పేజీ స్క్రీన్‌షాట్‌ను అదే మెయిల్‌కు పంపి దాచుకోవడం. ఐడీ పేరు మారవచ్చు, ఆ నంబరు మారదు, టికెట్‌లో మొదట అడిగేది అదే.

నేను ఆడుతూనే ఉన్నాను, కొనడం మాత్రం ఆపేశాను. నిషేధ చరిత్ర కనిపిస్తున్నంతకాలం టోర్నమెంట్ నిర్వాహకులు మా స్క్వాడ్‌ను జాబితాలో చేర్చడం లేదు. ఆ ఒక్క అంశం మీద కమిటీకి వేసిన అప్పీలు ఇంకా పరిశీలనలోనే ఉంది.