వూచ్ నుంచి బెల్సెన్ దాకా: మా అత్తగారి పుట్టింటి దారిలో

మా అత్తగారు పుట్టింది 1947లో, జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శరణార్థి శిబిరంలో. ఆవిడ అమ్మానాన్నలు పోలండ్ యూదులు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ శిబిరంలోనే పెళ్లి చేసుకుని, 1949లో బ్రెమర్‌హాఫెన్ రేవులో ఓడెక్కి న్యూయార్క్ వచ్చారు. ఇంట్లో ఎవరు చెప్పినా కథ ఆ ఓడతోనే మొదలయ్యేది. అంతకుముందు సంగతి అడిగితే మావారి అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయేవారట. ఆవిడ పోయాక బీరువాలో దొరికిన కాగితాలు పట్టుకుని అత్తగారూ, మావారూ, నేనూ పోలండ్, జర్మనీ తిరిగొచ్చాం. ఇలాంటి కుటుంబాల్లోకి కోడళ్లుగా, అల్లుళ్లుగా వెళ్లిన తెలుగువాళ్లు అమెరికాలో కొందరు నాకు తెలుసు. వాళ్లకు పనికొస్తుందని ఎక్కడ డబ్బు పెట్టొచ్చో, ఎక్కడ దండగో రాస్తున్నా.

అసలు పని బయల్దేరకముందే ఉంది. వెతుకులాట చివరి నుంచి వెనక్కి రావాలి. ముందు అమెరికా పౌరసత్వ కాగితాలు, తర్వాత ఓడ ప్రయాణికుల జాబితా, ఆపైన శిబిరం కార్డులు, ఆఖరున పుట్టిన ఊరు. జర్మనీలో బాడ్ అరోల్సెన్ అనే చిన్న ఊళ్లో అరోల్సెన్ ఆర్కైవ్స్ ఉంది. కోటీ డెబ్భై అయిదు లక్షల మంది వివరాలు అక్కడి కాగితాల్లో ఉన్నాయి. 2007 దాకా జనానికి తలుపు తీయలేదు, ఇప్పుడు చాలా భాగం ఆన్‌లైన్‌లో ఉచితం. ఆ ఊరికి వెళ్లే పనే లేదు. దరఖాస్తుకు జవాబు రావడానికి మాత్రం నెలలు పడుతుంది, విమానం టికెట్ల కంటే ముందు అది పెట్టండి. మాకొచ్చిన కార్డులో అమ్మమ్మగారి పుట్టినతేదీ ఒకటి, ఘెట్టో (నాజీ జర్మన్లు యూదుల్ని బంధించిన పేట) జాబితాలో మరొకటి. అది చూసి వేరే మనిషేమోనని వదిలేయకండి. పనికి పనికొస్తేనే ప్రాణం దక్కే రోజుల్లో చిన్నపిల్లలు వయసు పెంచి చెప్పుకున్నారు. ఒకసారి రాయించిన తేదీ ఆ తర్వాత కాగితాలన్నిటిలోకీ పాకేది.

వార్సాలో మొదట వెళ్లాల్సింది రింగెల్‌బ్లూమ్ పేరిట ఉన్న యూదు చరిత్ర సంస్థకు. వంశవృక్షాలు వెతికే వాళ్ల కోసం అక్కడ ఒక విభాగం ఉంది, సలహాకు పైసా తీసుకోరు. ఇంగ్లీషు వచ్చు, ఓపికా ఉంది. జార్ల పాలనలోని పోలండ్‌లో జనన మరణాల పుస్తకాలు 1868కి ముందు పోలిష్‌లో, తర్వాత రష్యన్‌లో రాసేవారని, నూరేళ్లు దాటని జనన రికార్డులు ఎవరికి పడితే వాళ్లకు ఇవ్వరని వాళ్లే చెప్పారు. మేం అమెరికా నుంచే ఒక ప్రైవేటు ఏజెన్సీకి బోలెడు డాలర్లు కట్టి ‘పూర్తి వంశవృక్షం’ చేయించుకున్నాం. అందులో ముప్పాతిక వంతు ఉచిత సూచికల్లోంచి దించిందే. ఈ ఖర్చు మాత్రం పెట్టకండి.

యుద్ధం తర్వాత పోలండ్‌లో మిగిలిన యూదుల్ని నమోదు చేసిన కార్డులు కూడా ఆ సంస్థలోనే ఉన్నాయి. అమ్మమ్మగారి చిన్నాన్న ఒకాయన సోవియట్ యూనియన్‌కు పారిపోయి బతికి, 1946లో తిరిగొచ్చి పేరు రాయించుకున్నాడు. ఆయన ఉన్నట్టే మా వాళ్లెవరికీ తెలియదు. ఆ పేరు పట్టుకుని, నాజీలు చంపిన యూదుల స్మారక సంస్థ అయిన ఇజ్రాయెల్ యద్ వషేమ్ డేటాబేస్‌లో వెతికితే, 1957లో ఇజ్రాయెల్ చేరాక ఆయన నింపిన సాక్ష్యపత్రాలు దొరికాయి. చంపబడిన బంధువుల జ్ఞాపకంగా బతికినవాళ్లు నింపే ఫారాలవి. వాటిలో అమ్మమ్మగారి పేరు కూడా ఉంది! అప్పటికి ఆవిడ న్యూజెర్సీలో ఇద్దరు పిల్లల తల్లి. అత్తగారు ఆ ఫారం ప్రింటు తీయించుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత కాఫీ కావాలన్నారు. ఈ డేటాబేస్‌లో పోయినవాళ్ల పేర్ల కంటే ఫారం నింపినవాళ్ల పేరు, అడ్రసు జాగ్రత్తగా చూడండి. బతికిన కొమ్మ అక్కడ దొరుకుతుంది.

పోలండ్ యూదుల చరిత్ర చెప్పే పోలిన్ మ్యూజియానికి కనీసం సగం రోజు కావాలి, మంగళవారం సెలవు. వార్సాలో బస గురించి చెప్పడానికేం లేదు, స్టేషన్ దగ్గర ఏ హోటలైనా నడుస్తుంది.

మ్యాపులో లోడ్జ్ అని కనిపించే ఊరిని అక్కడివాళ్లు ‘వూచ్’ అంటారు. వార్సా నుంచి రైల్లో రెండు గంటల లోపే. మొత్తం యాత్రలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉండాలని నా గట్టి అభిప్రాయం. పర్యాటకులు క్రాకోవ్‌కు పరిగెడతారు గానీ కాగితాలున్నది ఇక్కడ. యుద్ధానికి ముందు రెండు లక్షలకు పైగా యూదులున్న బట్టల మిల్లుల ఊరు ఇది. అమ్మమ్మగారి వాళ్లు బాలూతీ అనే పేదపేటలో ఒక గదిలో మగ్గం పెట్టుకుని బతికారు. 1940లో జర్మన్లు ఘెట్టో కట్టింది సరిగ్గా ఆ పేటలోనే.

పియోట్ర్‌కోవ్‌స్కా వీధి పక్కన పాతకాలం భవనంలో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. ఫొటోల్లో బ్రహ్మాండం, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ఆ మాట ప్రకటనలో ఎక్కడా లేదు. అత్తగారి మోకాళ్లు చూసి మర్నాడే మారిపోయాం. కోటీశ్వరుడు పొజ్నాన్‌స్కీ కట్టించిన ఎర్ర ఇటుకల నూలుమిల్లు ఇప్పుడు హోటల్. ఖరీదెక్కువే అయినా పెద్దవాళ్లతో వెళ్తే అదే నయం. పక్కన మనుఫక్తూరా షాపింగ్ సెంటర్లో మన తిండికీ లోటుండదు.

ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో ఘెట్టో పాలకమండలి కాగితాలున్నాయి. ఏ వీధి, ఏ గది, ఎవరెవరు, ఎప్పుడు ‘పంపేశారు’ అన్నీ అందులో ఉంటాయి. పని గుర్తింపు కార్డుల్లో కొన్నిటికి ఫొటోలూ ఉన్నాయి. పదహారేళ్ల అమ్మమ్మగారి ఫొటో అలాగే దొరికింది. అచ్చం మా చిన్నాడపడుచే!

బ్రాట్స్కా వీధి యూదు శ్మశానం యూరప్‌లోకెల్లా పెద్దవాటిలో ఒకటి. శనివారం మూసేస్తారు, మగవాళ్లు తల కప్పుకోవాలి, టికెట్ కొద్ది జ్లోటీలే. పొజ్నాన్‌స్కీ సమాధి దగ్గర ఫొటోలు తీసుకుని చాలామంది వెనక్కి తిరుగుతారు. లోపలికి నడిస్తే ఘెట్టో క్షేత్రం వస్తుంది. ఆకలికీ జబ్బులకీ పోయిన 43 వేల మంది దాకా అక్కడున్నారు. చాలా చోట్ల రాయి లేదు, గడ్డే. ఆఫీసులో వరస నంబరు రాసిచ్చారు, 1942లో పోయిన ముత్తాతగారి చోటు దొరికింది. బూట్లు మంచివి వేసుకోండి, నేలంతా వేళ్లూ తడీ. అక్కడికి దగ్గర్లోనే రాదెగాస్ట్ స్టేషన్. రైళ్లలో పంపినవాళ్ల జాబితాల నకళ్లు సొరంగం గోడల మీద పెట్టారు.

అమ్మమ్మగారి తమ్ముడికి ఎనిమిదేళ్లు. 1942 సెప్టెంబరులో పదేళ్ల లోపు పిల్లల్నీ ముసలివాళ్లనీ లాక్కెళ్లి హెల్మ్‌నో అనే మృత్యుశిబిరంలో చంపారు. అక్కడికి బస్సుల్ని నమ్ముకోలేం. మాట్లాడుకున్న టాక్సీ డ్రైవరు అడవిలో రెండు గంటలు వెయిటింగ్ డబ్బు అడక్కుండా నిలబడ్డాడు.

నాజీల మృత్యుశిబిరం ఆష్విట్జ్‌కు ప్రవేశం ఉచితం, పాసు మాత్రం ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. పెద్ద బ్యాగు లోపలికి రానివ్వరు. చూడాల్సిన చోటే, కానీ వంశం వెతుక్కునేవాళ్లకు కాగితం దొరుకుతుందన్న ఆశ వద్దు. 1944 ఆగస్టులో వూచ్ నుంచి వెళ్లిన వేలమందిని నమోదు చేయకుండానే, చేతి మీద నంబరు పొడవకుండానే వేరే శిబిరాలకు తోలేశారు. అమ్మమ్మగారి చేతి మీద నంబరు ఎందుకు లేదో, ఇరుగుపొరుగు యూదులే ఆవిడను ఎందుకు అనుమానంగా చూసేవారో అత్తగారికి అక్కడ అర్థమైంది. క్రాకోవ్‌లోని పాత యూదుపేట కజిమియెజ్‌లో ‘యూదు భోజనం’ బోర్డు పెట్టిన హోటళ్లలో చాలావాటికి కోషెర్ (యూదు ఆహార నియమం) లేదు, రేటు మాత్రం ఉంది. బంగాళదుంప, పన్నీరు లాంటి జున్ను పెట్టిన పియెరోగీ (కజ్జికాయ లాంటి ఉడికించిన వంటకం) ‘పాల హోటల్’ అని పిలిచే ఏ చవక భోజనశాలలోనైనా చవగ్గా దొరుకుతుంది. శాకాహారులకు అదే దిక్కు.

బెర్గెన్-బెల్సెన్ స్మారక కేంద్రానికి టికెట్ లేదు. శరణార్థి శిబిరం కంటే ముందు, యుద్ధకాలంలో ఇక్కడ నాజీల నిర్బంధ శిబిరం ఉండేది. ఖైదీల విడుదలకు ముందు దాని రిజిస్టర్లను ఎస్.ఎస్. (నాజీల సాయుధ దళం) వాళ్లు తగలబెట్టేశారు, ఇక్కడివాళ్లు వేరే ఆధారాలతో పేర్లు ఒక్కొక్కటే కూర్చుకొస్తున్నారు. మేం తెచ్చిన కాగితాల నకళ్లు తీసుకుని, అమ్మమ్మగారి పేరు పక్కన వివరాలు చేర్చారు. మొత్తం ప్రయాణంలో మాకు దొరికిన అతి మంచి సేవ ఇదే. బస సెల్లెలో చూసుకోండి. అక్కడి నుంచి బస్సులు తక్కువ, వారాంతంలో మరీను, అద్దెకారు మేలు. అత్తగారు పుట్టిన శరణార్థి శిబిరం మాత్రం కాస్త దూరంలో సైన్యం స్థలంలో ఉంది. వెయ్యికి పైగా పిల్లలు పుట్టిన చోటైనా నేరుగా వెళ్తే గేటు దాటనివ్వరు. కొన్ని వారాల ముందే స్మారక కేంద్రానికి ఈమెయిల్ పెట్టి, అందరి పాస్‌పోర్టు వివరాలూ పంపి అనుమతి అడగండి.