షాపరోన్ గుట్టు తెలియాలంటే సన్న నమూనా మేలా, ముతక నమూనా మేలా?

మన కణాల్లో హెచ్‌ఎస్‌పి90 అనే షాపరోన్ ప్రోటీను ఉంది. ఒకేలాంటి రెండు అమైనో ఆమ్లాల గొలుసులు అడుగున అతుక్కుని, పైన తెరుచుకుంటూ మూసుకుంటూ పటకారులా ఉంటుంది. పై కొసల్లో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కూర్చునే గుంటలు, అడుగున రెండు గొలుసులనూ కలిపి పట్టే భాగం. మనిషి హెచ్‌ఎస్‌పి90లో ఆ అడుగు భాగాన 597వ స్థానంలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంది. దానికి నైట్రిక్ ఆక్సైడ్ తగులుకుంటే, ఎక్కడో పై కొసన ఏటీపీని విరిచే పని మందగిస్తుంది. 2005లోనూ 2009లోనూ వెలువడిన ప్రయోగాలు ఈ సంగతి చూపించాయి. అతుక్కున్నవి రెండే పరమాణువులు, ఫలితం కనిపించేది అవతలి కొసన. మరి ఆ కబురు ఏ దారిన పైకి వెళ్లింది?

షాపరోన్ల నియంత్రణను కంప్యూటర్లో పరిశీలించాలనుకునే వారికి ఇంతకన్నా మంచి గీటురాయి నాకు దొరకలేదు. షాపరోన్ అంటే ఇతర ప్రోటీన్లు సరిగ్గా మడత పడేలా, దారి తప్పి ముద్దకట్టకుండా వెంట ఉండి చూసుకునే ప్రోటీను. పేరంటానికి వెళ్లే పిల్ల వెంట పంపే పెద్దావిడ లాంటిది. ఈ పెద్దావిడను అదుపులో పెట్టేవారూ ఉన్నారు. హెచ్‌ఎస్‌పి90 విషయంలో ఏటీపీ పనిని వేగం చేసేదాని పేరు ఆహా1. (తెలుగువాళ్లెవరూ పెట్టలేదు, అది ఆంగ్ల పొడి అక్షరాల కూర్పు.) పి23 నెమ్మది చేసి, మూసుకున్న స్థితిలో పట్టి ఉంచుతుంది. సీడీసీ37 కైనేజ్‌లను (ఇతర అణువులకు ఫాస్ఫేట్ అతికించే ప్రోటీన్లను) తెచ్చి అప్పగిస్తుంది. వీటికి తోడు నైట్రిక్ ఆక్సైడ్, ఫాస్ఫేట్ వంటి చిన్న రసాయన ముద్రలు. ఇదంతా సిమ్యులేషన్‌లో చూడాలంటే మన ముందు ప్రధానంగా రెండు దారులు ఉన్నాయి. ఒకటి ప్రతి పరమాణువునూ, చుట్టూ ఉన్న నీటినీ లెక్కలోకి తీసుకునే సన్న నమూనా. రెండోది ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఒక్కో పూసగా కుదించే ముతక నమూనా.

సన్న నమూనాతో మొదలుపెడదాం, ఎందుకంటే కొత్తగా వచ్చిన ప్రతి పరిశోధక విద్యార్థి మొదట మోజుపడేది దాని మీదే. నేనూ అంతే. దాని బలం స్పష్టం. నైట్రిక్ ఆక్సైడ్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గానే పెట్టవచ్చు. ఏ హైడ్రోజన్ బంధం తెగింది, ఏ నీటి అణువు గుంటలోకి దూరింది, ఏ లూప్ వంగింది, అన్నీ కనిపిస్తాయి. చిక్కంతా కాలంతో. ఈ లెక్కలో ఒక్కో అడుగు రెండు ఫెమ్టోసెకన్లు. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఒక ఫెమ్టోసెకను. ఈస్ట్ హెచ్‌ఎస్‌పి90 ఒక ఏటీపీని విరవడానికి సుమారు ఒక నిమిషం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే తీసుకుంటుంది. మనిషిలోనిది ఇంకా సోమరి. ఒక్క నిమిషానికే 300 కోట్ల కోట్ల అడుగులు వేయాలి. నీటితో కలిపి లక్షల పరమాణువులున్న ఇలాంటి వ్యవస్థ మీ కంప్యూటర్లో రోజుకు 50 నానోసెకన్లు (ఒక్కోటి పది లక్షల ఫెమ్టోసెకన్లు) ముందుకు నడుస్తుందనుకుందాం. ఆ నిమిషం పూర్తయ్యేసరికి దాదాపు 33 లక్షల సంవత్సరాలు గడుస్తాయి. పీహెచ్‌డీకి అంత గడువు ఎవరూ ఇవ్వరు.

యంత్రాలు ఎదగలేదని కాదు. 1977లో మెకామన్, గెలిన్, కార్‌ప్లస్ తొలిసారి ఒక ప్రోటీను కదలికను లెక్కించినప్పుడు తీసుకున్నది 58 అమైనో ఆమ్లాల బీపీటీఐ. లెక్కించిన కాలం పది పికోసెకన్ల లోపే (పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు). 2010లో డి.ఇ. షా పరిశోధన సంస్థ ఈ పనికోసమే కట్టిన ఆంటన్ యంత్రంపై అదే బీపీటీఐని ఒక మిల్లీసెకను నడిపించింది. 33 ఏళ్లలో సుమారు పది కోట్ల రెట్లు! అయినా అది 58 అమైనో ఆమ్లాల బుల్లి ప్రోటీను. హెచ్‌ఎస్‌పి90 జంటలో 1,400కు పైగా ఉంటాయి.

అలాగని సన్న నమూనా చేతులెత్తేయలేదు. జార్జో కొలంబో బృందం 2009లో పూర్తి హెచ్‌ఎస్‌పి90 జంటను ఏటీపీతో, ఏడీపీతో (ఏటీపీ విరిగాక మిగిలేది), రెండూ లేకుండా విడివిడిగా నడిపి, ఏ అమైనో ఆమ్లాల జతల మధ్య దూరం తక్కువగా ఊగిసలాడుతుందో చూసింది. పటకారు మూసుకునేదాకా వాళ్లు ఎదురుచూడలేదు. కబురు ఏ దారిన వెళ్లగలదో ఆ కొద్దిపాటి వణుకులోనే వెతికారు. నాకు నచ్చిన తెలివి ఇది. నిమిషం పట్టే ప్రయాణాన్ని చూడలేకపోయినా, రోడ్డు ఎటు పోతుందో నానోసెకన్లలో కొంత పసిగట్టవచ్చు.

ముతక నమూనా తత్వం వేరు. జపాన్ శాస్త్రవేత్త నొబుహిరో గో 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతిలో, అసలు నిర్మాణంలో పక్కపక్కన ఉన్న పూసలు మాత్రమే ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటాయి. స్ప్రింగుల వల ఇంకా ముతక. దగ్గరున్న భాగాలన్నిటినీ ఒకే బిగువు స్ప్రింగులతో కట్టేస్తారు, అంతే. ఇంత మొరటు లెక్క పెద్ద ప్రోటీన్ల కదలికలను చాలావరకు సరిగ్గా చెబుతుందని 1996లో మోనిక్ టిరియన్ చూపించినప్పుడు చాలామందికి నమ్మబుద్ధి కాలేదంటే ఆశ్చర్యం లేదు. మామూలు ల్యాప్‌టాప్ మీద మధ్యాహ్నం మొదలుపెడితే టీ వేళకు జవాబు వస్తుంది.

షాపరోన్లలో ముతక నమూనాకు బాగా పేరు తెచ్చినది బ్యాక్టీరియాలోని గ్రోఈఎల్. ఏడేసి గొలుసుల ఉంగరాలు రెండు వీపూ వీపూ ఆనించుకుని నిలబడిన పీపా అది. ఏటీపీ చేరగానే ఉంగరం మొత్తం మెలితిరుగుతూ పైకి లేస్తుంది, గ్రోఈఎస్ అనే జోడు ప్రోటీను వచ్చి మూతలా కూర్చుంటుంది. ఏటీపీ విషయంలో ఒకే ఉంగరంలోని ఏడు గొలుసులూ ఒకదానికొకటి సాయపడితే, రెండు ఉంగరాలు మాత్రం ఒకదాన్నొకటి అడ్డుకుంటాయని 1995లో యిఫ్రాక్, హోరోవిట్జ్ ప్రయోగాలతో చెప్పారు. ఈ మెలిక ఏ క్రమంలో జరుగుతుందో, ఏ బంధం ముందు తెగి ఏది తర్వాత కొత్తగా ఏర్పడుతుందో 2006లో హ్యోన్, లోరిమర్, తిరుమలై పూసల నమూనాతోనే లెక్కగట్టారు. ఇక్కడ అది ఫలించడానికి కారణముంది. గ్రోఈఎల్‌లో పెద్ద పెద్ద గట్టి భాగాలు మడతబందుల మీద తిరుగుతాయి. ఆకారమే కథలో ముప్పావు భాగం.

ఇప్పుడు మన గీటురాయిపై పెట్టండి. పూసల నమూనాలో 597వ సిస్టీన్ ఒక పూస. నైట్రిక్ ఆక్సైడ్ తగిలిన సిస్టీన్ కూడా ఒక పూసే. తేడా కావాలంటే అక్కడి బంధం బిగువును మనమే చేత్తో మార్చాలి. మార్చాక వచ్చిన ఫలితం మనం చెప్పినదే మనకు తిరిగి వినిపించడం కాదని ఎలా అనగలం? గో నమూనాకైతే ఇంకో దోషం. చేరాల్సిన నిర్మాణాన్ని ముందే లోపల రాసిపెడతాం. సమాధాన పత్రం చేతికిచ్చి పరీక్ష రాయించినట్లు. నాలుగేసి బరువైన పరమాణువులను ఒక పూసగా కట్టే మార్టినీ నమూనాలో రసాయనం కొంత మిగులుతుంది. కానీ ప్రోటీను ఆకారం చెదరకుండా దానికీ స్ప్రింగులు కట్టడం వాడుక. పటకారు తెరుచుకోవడమే చూడాలనుకున్నవాడు పటకారుకు తాడు కట్టి కూర్చుంటే ఏం లాభం?

మధ్యేమార్గం లేకపోలేదు. అన్ని పరమాణువులనూ ఉంచి, ప్రోటీనును ఒక ఆకారం నుంచి మరో ఆకారానికి బలవంతంగా లాగవచ్చు. గ్రోఈఎల్‌ను 2000లోనే కార్‌ప్లస్ బృందం అలా లాగి చూసింది. లేదా 2002లో లయో, పరినెల్లో ప్రతిపాదించిన మెటాడైనమిక్స్‌తో, ఇప్పటికే చూసిన స్థితుల్లోకి మళ్లీ జారకుండా పూడ్చుకుంటూ పోవచ్చు. ఇవి బలమైన పనిముట్లే. అయితే ఏ దిశలో లాగాలో, ఏ కొలతను పూడ్చాలో ఎంచుకునేది మనమే. ఆ ఎంపిక తప్పితే దారి కూడా తప్పుతుంది, గ్రాఫు మాత్రం ముచ్చటగానే ఉంటుంది. ఇక ప్రోటీను ఆకారాన్ని ఊహించే ఏఐ ఆల్ఫాఫోల్డ్ సంగతి అడిగేవారికి ఒక్క మాట: అది నిర్మాణపు ఫొటో బాగా తీస్తుంది. నియంత్రణ అనేది కదలికలో ఉంటుంది.

నన్నడిగితే 597వ సిస్టీన్ ప్రశ్నకు మొదట స్ప్రింగుల వలే వేస్తాను. మడతబందులు ఎక్కడున్నాయో, ఆ స్థానం వాటికి దగ్గరో కాదో ఒక పూటలో తేలిపోతుంది. ఆ తర్వాత సన్న నమూనా, నైట్రిక్ ఆక్సైడ్ ఉన్నదీ లేనిదీ రెండూ, ఒక్కోటి కనీసం మూడునాలుగు సార్లు, ప్రతిసారీ పరమాణువులకు వేరే తొలి వేగాలు ఇచ్చి. ఒక పొడవాటి పరుగు కన్నా పలు పొట్టి పరుగులు మేలని నాకు తెలిసొచ్చింది బుద్ధిగా చదివి కాదు. ఒకసారి నెలల తరబడి నడిపిన ఒకే ఒక్క పరుగులో అందమైన మలుపు కనిపించింది, దాని మీద సగం అధ్యాయం రాశాను. రెండోసారి నడిపితే అది మళ్లీ రాలేదు.

గ్రోఈఎల్ ఉంగరాల వంటి ప్రశ్నకైతే తడుముకోకుండా ముతక నమూనానే అంటాను. ఇక మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో ఏళ్ల తరబడి ప్రయోగాలు జరిగిన కంటి కటకపు ఆల్ఫా క్రిస్టలిన్ వంటి చిన్న షాపరోన్లకు వస్తే రెండు పద్ధతులూ మొదట్లోనే తడబడతాయి. ఎన్ని గొలుసులు కలిసి ఒక గుంపు అవుతాయన్నదే స్థిరంగా ఉండదు. ఏ నిర్మాణంతో మొదలుపెట్టాలి? హెచ్‌ఎస్‌పి90కి ఆ ఇబ్బంది లేదు. ఏటీపీ లాంటి అణువుతో, పి23తో కలిసి మూసుకున్న ఈస్ట్ రూపాన్ని 2006లోనే స్ఫటికంలో పట్టుకున్నారు.

ఆ స్ఫటికమే ఒక ఉచ్చు కూడా. ఏటీపీ ఉంటే మూత, లేకపోతే తెరుపు అన్న బొమ్మ దాన్ని చూశాక మనసులో నాటుకుపోతుంది, ముతక నమూనాలో అదే రాసేస్తాం. 2009లో హుగెల్ బృందం ఈస్ట్ హెచ్‌ఎస్‌పి90 అణువులను ఒక్కొక్కటిగా, రంగు అణువులు అంటించి గమనించింది. అవి ఏటీపీ ఉన్నా లేకున్నా తెరుచుకుంటూ మూసుకుంటూనే ఉన్నాయి. పెద్ద కదలికకూ ఏటీపీకీ ఉన్న ముడి చాలా వదులైనదని తేలింది. అందుకే ఎవరైనా ఏటీపీ పెట్టగానే టక్కున మూసుకునే హెచ్‌ఎస్‌పి90 వీడియోను గర్వంగా చూపిస్తే, నేను మొదట అడిగేది ఒకటే: ఏటీపీ తీసేసి నడిపినప్పుడు ఏమైంది?